కొత్త ఇంటి చూరుకి గట్టర్లు: పెట్టాలా, వద్దా తేల్చుకునే పద్ధతి

కప్పు పని పూర్తికావస్తుంటే గట్టర్ల ప్రశ్న వస్తుంది. అప్పుడు చాలామంది తల పైకెత్తి చూరు వంక చూస్తారు, కానీ జవాబు నేల మీద ఉంటుంది. చూరు అంచున బిగించే కాలువే గట్టరు, అది వాన నీటిని ఒక చోటు నుంచి తీసి ఇంకో చోట పోస్తుంది. ఆ రెండో చోటు ఏదో ముందే అనుకోకుండా బిగించిన గట్టరు ఇంటి మూలను తవ్వేస్తుంది. అలాంటి గట్టరు కన్నా ఏమీ లేని చూరే నయం.

అందుకే ఈ మార్గదర్శిలో సగం దాకా గట్టరు సైజు ప్రస్తావన రాదు. ముందు నీటి లెక్క, తర్వాత నేల, ఆ తర్వాతే కొనుగోలు.

మొదటి అడుగు: మీ కప్పు ఏ రకం?

శ్లాబు వేసి చుట్టూ పిట్టగోడ కట్టిన ఇంటికి చూరు గట్టరుతో పని లేదు. అక్కడ చూసుకోవాల్సినవి శ్లాబు మీది వాలు, తూములు. వాలు మీటరుకు 10 మి.మీ. అయినా ఉండాలి. ఒక్క తూముతో సరిపెట్టకండి, అది ఆకులతో మూసుకుపోయిన రోజు శ్లాబు చెరువవుతుంది. 50 మి.మీ. లోతు నీరు నిలిస్తే చదరపు మీటరుకు 50 కిలోల బరువు. రెండో తూము పెట్టించండి, లేదా పిట్టగోడలో కాస్త ఎత్తున ఒక పొర్లు గొట్టం వదలండి. శ్లాబు ఇళ్లకు ఇంతే.

పెంకు, రేకు, షింగిల్స్, ఏదైనా సరే ఏటవాలు కప్పు ఉన్నవాళ్లకు మిగతాదంతా. ముందు కాగితం మీద కప్పు గీసి, నీళ్లు ఏ వైపులకు దిగుతాయో బాణాలు వేయండి. రెండు వాలుల కప్పుకి రెండు చూర్లే, త్రికోణపు గోడల వైపు గట్టరు అవసరం రాదు. నాలుగు వాలుల కప్పుకి నాలుగు చూర్లు. రెండు వాలులు లోపలి మూలలో కలిసే దోనె ఉంటే దాన్ని గుర్తు పెట్టుకోండి, అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది అదే. పై అంతస్తు కప్పు నీళ్లు కింది కప్పు మీద పడుతుంటే ఆ చోటు కూడా గుర్తించండి.

రెండో అడుగు: ఎంత నీరు?

లెక్క తేలికే. ఒక చదరపు మీటరు మీద 1 మి.మీ. వాన పడితే 1 లీటరు. కప్పు కొలిచేటప్పుడు ఏటవాలు పొడవు కాకుండా, పైనుంచి చూస్తే నేల మీద ఎంత నీడ పడుతుందో ఆ వైశాల్యం తీసుకోండి. చూరు ముందుకు వచ్చిన భాగాన్ని కలపడం మరచిపోవద్దు.

12 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు ఇల్లు అనుకుందాం. నాలుగు వైపులా చూరు 60 సెం.మీ. బయటికి ఉంది. కప్పు 13.2 × 10.2, అంటే దాదాపు 135 చ.మీ. రెండు వాలుల కప్పయితే ఒక్కో వైపు 67 చ.మీ. గంటకు 100 మి.మీ. చొప్పున కురిసే గట్టి జల్లులో ఒక్క వైపు చూరు నుంచి గంటకు 6,700 లీటర్లు, అంటే నిమిషానికి 112 లీటర్లు దిగుతాయి. 15 లీటర్ల బకెట్లతో పోలిస్తే నిమిషానికి ఏడున్నర బకెట్లు.

గట్టరు లేకపోతే ఆ నీరంతా 13.2 మీటర్ల పొడవునా పరుచుకుని పడుతుంది, మీటరుకి నిమిషానికి ఎనిమిదిన్నర లీటర్లు. గట్టరు పెట్టి ఒకే గొట్టం దింపితే ఏడున్నర బకెట్లూ ఒకే మూలలో కుమ్మరిస్తున్నట్టు. ఈ రెండు అంకెలను పక్కపక్కన రాసుకోండి, తర్వాత తీసుకునే ప్రతి నిర్ణయం వీటి చుట్టూనే తిరుగుతుంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఏడాది మొత్తం వాన అంకె పట్టుకుని లెక్కేయడం. గట్టరుకి దానితో పని లేదు. ఏడాదికి నాలుగు వానలే పడే చోట కూడా ఆ నాలుగూ పది నిమిషాల్లో కుండపోతగా పడొచ్చు. మీ ప్రాంతంలో అత్యంత గట్టి జల్లు గంటకు ఎన్ని మిల్లీమీటర్ల వేగంతో పడుతుందో, అది కావాలి. కప్పు పైన ఇంకో అంతస్తు గోడ లేచి ఉంటే, ఆ గోడ వైశాల్యంలో సగం కూడా కలపండి. ఈదురు గాలితో గోడకి కొట్టిన వాన కిందికే దిగుతుంది.

మూడో అడుగు: నేల దగ్గర నాలుగు పరీక్షలు

వాలు పరీక్ష. గోడ పక్కన ఒక పుల్ల, దానికి ఎదురుగా 3 మీటర్ల దూరంలో ఇంకో పుల్ల పాతండి. లెవెల్ పైపుతో (నీళ్లు నింపిన పారదర్శక గొట్టం) రెండిటి మీదా ఒకే మట్టం గుర్తించి దారం కట్టండి. దారం నుంచి నేల దాకా రెండు చోట్లా టేపుతో కొలవండి. బయటి పుల్ల దగ్గర కొలత గోడ దగ్గరి దానికన్నా 150 మి.మీ. ఎక్కువ రావాలి. సిమెంటు, టైల్స్ వంటి గట్టి నేలకి 60 మి.మీ. చాలు. రెండూ సమానంగా వస్తే నీరు గోడ దగ్గరే నిలుస్తుంది. బయటి కొలత తక్కువ వస్తే నీరు ఇంటివైపే నడుస్తోంది, ముందు ఆ నేల సరిచేయాలి.

కొత్త ఇంటికి ఇక్కడ ఒక మెలిక ఉంది. పునాది తవ్విన గోతిని తిరిగి పూడ్చిన మట్టి ఎంత దిమ్మిస కొట్టినా మొదటి ఒకటి రెండు వానాకాలాల్లో దిగుతుంది. అప్పగింత రోజు చక్కగా బయటికి వాలిన నేల, ఏడాది తిరిగేసరికి గోడ పక్కన పొడవాటి గుంటగా మారుతుంది. చూరు నీళ్లు సరిగ్గా ఆ పూడ్చిన మట్టి మీదే పడితే దిగడం ఇంకా వేగంగా జరుగుతుంది. అందుకే ఈ కొలత ఇప్పుడొకసారి, మొదటి వానాకాలం తర్వాత ఒకసారి తీయాలి.

మట్టి పరీక్ష. గుప్పెడు మట్టిని తడిపి పిసికి, బొటనవేలికి చూపుడువేలికి మధ్య నొక్కుతూ రిబ్బనులా బయటికి తీయండి. 50 మి.మీ. దాటినా తెగకుండా సాగితే బంకమన్ను ఎక్కువ. అలాంటి నేల, ముఖ్యంగా రేగడి, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఇల్లంతా ఒకేలా ఉబ్బితే పెద్ద బాధ లేదు. ఒక మూల మాత్రమే తడిసి ఉబ్బినప్పుడే తలుపుల మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు వస్తాయి. మూలలో వదిలేసిన డౌన్‌పైపు (గట్టరు నీటిని కిందికి దించే గొట్టం) చేసేది సరిగ్గా అదే.

ఇంకే పరీక్ష. ఇంటికి దూరంగా 30 సెం.మీ. పొడవు, వెడల్పు, లోతుతో గుంత తీసి నీళ్లు నింపండి. ఒకసారి ఇంకిపోనిచ్చి మళ్లీ నింపి, అప్పుడు గడియారం చూడండి. పొడి మట్టి మొదటిసారి ఆబగా తాగుతుంది, ఆ అంకె నమ్మకూడదు. రెండోసారి గంటకు 25 మి.మీ. కూడా దిగకపోతే ఇంకుడు గుంత మీద ఆశ పెట్టుకోవద్దు.

చిమ్మే పరీక్ష. చూరు నుంచి పడ్డ నీరు నేలను కొట్టి గోడ మీదికి ఎగురుతుంది. ఒక వాన పడ్డాక గోడ అడుగున బురద చుక్కలు ఎంత ఎత్తుదాకా ఉన్నాయో చూడండి. నేల గట్టిగా ఉన్నకొద్దీ, చూరు ఎత్తుగా ఉన్నకొద్దీ చుక్కలు పైకి పోతాయి. ప్లింత్ (ఇంటి పీఠం) దాటి గోడ ప్లాస్టరింగ్ మీదికి, చెక్క గుమ్మాల అడుగుకి చుక్కలు చేరుతుంటే ఆ చోట చెమ్మ వస్తుంది.

నాలుగో అడుగు: తీర్పు

గట్టర్లు లేకుండా హాయిగా ఉండే ఇళ్లు ఉన్నాయి. ఒకే అంతస్తు, చూరు 60 సెం.మీ. లేదా అంతకన్నా ఎక్కువ బయటికి ఉండటం, నేల బయటికి వాలి ఉండటం, మట్టి ఇసుకపాలు ఎక్కువగా ఉండటం, నేల మాళిగ లేకపోవడం. ఈ ఐదూ కుదిరితే గట్టరు లేకపోయినా ఫరవాలేదు. చుట్టూ పెద్ద చెట్లు ఉండి, ఏడాదికి రెండుసార్లు నిచ్చెన వేసి శుభ్రం చేసే మనిషి లేకపోతే ఆ తూకం గట్టరుకి వ్యతిరేకంగా ఇంకా మొగ్గుతుంది. ఆకులతో నిండిన గట్టరు నీరు నిలిచే తొట్టి తప్ప ఇంకేమీ కాదు. దానిలో దోమలు పెరుగుతాయి, పొర్లిన నీరు వెనక్కి తిరిగి చూరు పలకను (వాసాల చివర్లకు అడ్డంగా బిగించే చెక్క) కుళ్లబెడుతుంది. మంచు బాగా పడే చోట నున్నని లోహపు కప్పు నుంచి జారే మంచు దిబ్బ గట్టర్ని బ్రాకెట్లతో సహా ఊడబెరుకుతుంది. అక్కడ మంచును పట్టి ఆపే అడ్డుకట్టలు లేకుండా గట్టరు పెట్టడం డబ్బు పారేసుకోవడమే.

గట్టరు తప్పని ఇళ్లు ఇవి. నేల మాళిగ ఉన్నవి. బంకమట్టి మీద లోతు తక్కువ పునాదితో కట్టినవి. చూరు 30 సెం.మీ. కన్నా తక్కువ ఉన్నవి. రెండు అంతస్తులవి, ఎందుకంటే అంత ఎత్తునుంచి పడే ధారను కొంచెం గాలి వీచినా గోడ మీదికి తోస్తుంది. కొండవాలున కట్టడం వల్ల ఒక వైపు నేల ఇంటివైపే దిగుతున్నవి. చూరు పక్కవాళ్ల హద్దుకి దగ్గరగా ఉండి నీళ్లు వాళ్ల స్థలంలో పడేవి. వాన నీరు ట్యాంకులో పట్టుకోవాలనుకుంటే ఇక ప్రశ్నే లేదు.

ఎక్కువ ఇళ్లు ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి, అలాంటి వాటికి మా సలహా సగం గట్టర్లు. ప్రధాన గుమ్మం, మెట్లు, నడిచే దారి, కరెంటు మీటరు, ఏసీ బయటి పెట్టె, వీటి మీద పడే చూరు మేరకు పెట్టి మిగతా వైపు వదిలేయడంలో తప్పేమీ లేదు. ఇంటి చుట్టూ పెట్టకపోతే అందం చెడుతుందనే మాట తరచూ వినిపిస్తుంది. చూరు పలకకు వేసిన రంగే గట్టరుకి కూడా వేస్తే పది అడుగుల దూరం నుంచి తేడా తెలియదు.

గట్టరు వద్దనుకుంటే చూరు కింద ఏం చేయాలి?

చాలామంది చూరు ధార పడే చోట కంకర పోసి వదిలేస్తారు. కంకర చిమ్మడాన్ని ఆపుతుంది, నీటిని దూరం తీసుకెళ్లదు. బంకమట్టిలో కందకం తీసి కంకర నింపితే పునాది పక్కన కంటికి కనపడని నీటి తొట్టి కట్టినట్టే.

సరైన పద్ధతి ఇది. ధార పడే గీత మధ్యలో ఉండేలా 45 నుంచి 60 సెం.మీ. వెడల్పు, 15 నుంచి 20 సెం.మీ. లోతు తీయండి. అడుగు భాగాన్ని బయటివైపుకి వాలుగా దిమ్మిస చేయండి. గోడ దగ్గర నుంచి కందకం బయటి అంచు దాకా మందమైన ప్లాస్టిక్ షీటు పరిచి, బయటి అంచున చిల్లుల గొట్టం పెట్టి, దాన్ని పల్లపు వైపు 100కి 1 వాలుతో బయటికి నడపండి. పైన మట్టి చొరబడకుండా జియోటెక్స్‌టైల్ గుడ్డ, దాని మీద 20 మి.మీ. కంకర. సిమెంటు గట్టు పోసుకునేవాళ్లు గోడకీ గట్టుకీ మధ్య సందును సాగే సీలెంట్‌తో నింపాలి. ఆ సందులోంచే నీరు దిగి పునాదికి చేరుతుంది, పైన గట్టు ఎంత అందంగా ఉన్నా లాభం లేదు.

ఐదో అడుగు: సైజులు

మట్టంగా బిగించి, ఒక చివర నుంచి నీరు దిగే అర్ధగుండ్రటి గట్టరు 6 మీటర్ల లోపు పొడవులో సెకనుకి మోయగలిగే నీరు ఇలా ఉంటుంది: 100 మి.మీ. గట్టరు 0.78 లీటర్లు, 125 మి.మీ.ది 1.37 లీటర్లు, 150 మి.మీ.ది 2.16 లీటర్లు. కొద్దిగా వాలు ఇస్తే ఇంకాస్త ఎక్కువ మోస్తుంది.

మన ఉదాహరణలో ఒక వైపు నిమిషానికి 112 లీటర్లు, అంటే సెకనుకి 1.87. ఒకే చివర గొట్టం పెడితే 150 మి.మీ. గట్టరు కావాలి. మధ్యలో ఎత్తు చేసి రెండు చివరలా గొట్టాలు దింపితే ఒక్కో సగానికి 0.93 లీటర్లే, 125 మి.మీ. సరిపోతుంది. రెండో పద్ధతే మేలు. ఒక గొట్టం మూసుకుపోయినా రెండోది కొంత లాగుతుంది, నేల మీద కూడా నీరు రెండు చోట్లకు పంచబడుతుంది.

డౌన్‌పైపు దగ్గర పొదుపు చేయకండి. ఉత్త నీటికైతే 75 మి.మీ. గొట్టం చాలని లెక్క తేలొచ్చు, కానీ గొట్టంలో దిగేది ఉత్త నీరు కాదు. గుప్పెడు ఆకులు, ఒక పిట్టగూడు ముక్క బెండులో ఇరుక్కుంటే అంతే. గంటకు 100 మి.మీ. వానకు 100 మి.మీ. గొట్టం ఒక్కోటికి 40 చ.మీ. కప్పు దాటనివ్వకండి. మన ఇంటికి ఒక్కో గొట్టానికి 34 చ.మీ. వస్తుంది.

రెండు వాలులు కలిసే దోనె నుంచి నీరు జలపాతంలా ఒకే చోట దూకుతుంది. ఎంత పెద్ద గట్టరైనా దాన్ని దాటి బయటికి దూకుతుంది. ఆ మూలలో గట్టరు బయటి అంచు మీద 15 సెం.మీ. ఎత్తు రేకు అడ్డు నిలపండి. వీలైతే ఆ మూలకి ఒకటి రెండు మీటర్ల లోపే ఒక గొట్టం దింపండి. కప్పు బాగా నిట్టనిలువుగా ఉన్నా ఇదే కథ, వెడల్పు ఎక్కువ గట్టరు కావాలి.

ఏ లోహం, ఏ ప్లాస్టిక్

పీవీసీ తుప్పు పట్టదు, చేత్తో కోసి బిగించుకోవచ్చు, కానీ ఎండకు బాగా సాగుతుంది. 13.2 మీటర్ల పొడవు 40 డిగ్రీల తేడాకి 30 మి.మీ. పైనే పెరుగుతుంది. కాబట్టి జాయింట్ల దగ్గర సందు వదలాలి, జిగురుతో అంతా బిగబట్టేయకూడదు. మధ్యాహ్నం ఎండలో టపటపమని చప్పుడు చేసే గట్టరు, సందు లేక తన్నుకుంటున్న గట్టరు.

అల్యూమినియం అదే పొడవుకి 13 మి.మీ. దాకా సాగుతుంది. మందం 0.7 మి.మీ. కన్నా తగ్గకూడదు, నిచ్చెనలు తగిలే చోట 0.8 తీసుకోండి. యంత్రం తెచ్చి ఇంటి దగ్గరే చుట్ట నుంచి ఒకే ముక్కగా వంచి ఇచ్చే అతుకులేని రకం దొరికితే అది మంచిది, కారేవి ఎప్పుడూ అతుకులే. జీఐ (జింకు పూత వేసిన ఇనుము) రేకు గట్టిది, అయితే కోసిన ప్రతి అంచుకీ జింక్ రంగు పూయాలి, లేకపోతే తుప్పు అక్కడే మొదలవుతుంది. రాగి చాలా కాలం మన్నుతుంది, కానీ రాగి మీద నుంచి కారిన నీరు అల్యూమినియం మీదా జీఐ మీదా పడకూడదు, వాటిని తినేస్తుంది. రాగి గట్టరుకి రాగి, ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్క్రూలే వాడాలి.

ఆరో అడుగు: కట్టుబడిలో ఏ పని ఎప్పుడు

కొత్త ఇంటికి ఉన్న అసలు లాభం ఇదే, అయినా ఎక్కువ మంది జారవిడుచుకునేదీ ఇదే. వాసాల మీద బిగించే రకం బ్రాకెట్లు పెంకులో రేకులో పరచకముందే పడాలి. చూరు పలక దారం పట్టి సూటిగా బిగించి, వెనుక, అడుగున, కోసిన అంచులకు కూడా రంగు వేసి ఉండాలి. కప్పు అంచున నీటిని గట్టరులోకి వంచే రేకు పట్టీ (డ్రిప్ ఎడ్జ్) కప్పు పనిలో భాగంగానే వేయాలి, తర్వాత వేయాలంటే మొదటి వరుస పెంకులు లేపాలి. భూమిలో గొట్టాలు చుట్టూ టైల్స్ పరచకముందు పడాలి. గట్టరు బిగింపు మాత్రం బయటి గోడల రంగు అయ్యాక, సారువ (పరంజా) విప్పకముందు.

గట్టర్లు వద్దని తేల్చుకున్నా రెండు పనులు చేసి ఉంచండి. మూలల దగ్గర నుంచి బయటికి 110 మి.మీ. గొట్టాలు భూమిలో వేసి, పైకి తేలిన మూతికి బిరడా పెట్టండి. చూరు పలక సూటిగా ఉంచండి. మనసు మారినప్పుడు నేల పగలగొట్టక్కర్లేదు.

ఏడో అడుగు: బిగింపు

ఒక వైపుకి సరంజామా: గట్టరు 13.2 మీటర్లు, చివరి మూతలు 2, కింది నోళ్లు (గట్టరు నుంచి గొట్టంలోకి నీరు దిగే ముక్కలు) 2, 60 సెం.మీ.కి ఒకటి చొప్పున 23 బ్రాకెట్లు, నోళ్ల దగ్గర ఆసరాకి ఇంకో రెండు. చూరు ఎత్తు 3 మీటర్లయితే గొట్టాలు రెండు, ఒక్కోదానికి చూరు కింద నుంచి గోడకి తెచ్చేందుకు బెండులు రెండు, అడుగున ఒకటి, క్లాంపులు మూడు.

60 సెం.మీ. ఎడం ఎందుకో చూడండి. 150 మి.మీ. వెడల్పు, 100 మి.మీ. లోతు పెట్టె గట్టరు నిండితే మీటరుకి 15 కిలోల నీరు. మొత్తం పొడవుకి దాదాపు 200 కిలోలు, ఒక్కో బ్రాకెట్ మీద 9. తడిసిన ఆకులు, బురద చేరితే నీరు వదిలినా బరువు వదలదు. మంచు పడే చోట 45 సెం.మీ.కి ఒకటి పెట్టండి. మేకులు వద్దు. ఎండకీ చలికీ గట్టరు సాగి ముడుచుకుంటుంటే మేకు ప్రతిసారీ ఒక వెంట్రుకంత బయటికి వస్తుంది, కొన్నేళ్లకు ఊడుతుంది. స్టెయిన్‌లెస్ స్క్రూలు, వాసం చెక్కలోకి కనీసం 40 మి.మీ. దిగేలా బిగించండి. పలకలోకి మాత్రమే దిగిన స్క్రూ లెక్కలోకి రాదు.

వాలు మీటరుకి 3 నుంచి 5 మి.మీ. మధ్యలోంచి ఒక్కో చివరికి 6.6 మీటర్లు కాబట్టి మధ్య గుర్తు కన్నా చివరి గుర్తు 20 నుంచి 33 మి.మీ. కింద పెట్టాలి. ముందు మధ్య బ్రాకెట్, చివరి బ్రాకెట్ బిగించి వాటి మధ్య దారం లాగి, మిగతావన్నీ దారానికి తాకేలా పెట్టుకుంటూ పోండి. ఒక్కోదాన్నీ విడిగా పలక అంచు నుంచి కొలుచుకుంటూ బిగిస్తే పలకలోని వంకర గట్టరులోకి వస్తుంది, ఆ పల్లాల్లో నీరు నిలుస్తుంది.

పెంకు అంచు గట్టరులోకి 40 నుంచి 50 మి.మీ. రావాలి, సగం దాటకూడదు. డ్రిప్ ఎడ్జ్ కింది అంచు గట్టరు వెనుక అంచుకి లోపలివైపు దిగాలి. గట్టరు ముందు అంచు వెనుక అంచు కన్నా ఒక సెంటీమీటరు దిగువన ఉండాలి. ఎప్పుడైనా పొర్లితే నీరు ముందుకి పడాలి, గోడవైపు కాదు. ఈ ఒక్క సెంటీమీటరు తేడాని పట్టించుకోని పనివాళ్లు ఎక్కువ, దగ్గరుండి చూసుకోండి.

కింది నోరు గట్టరు అడుగుకి సమంగా లేదా రవ్వంత కిందికి కూర్చోవాలి. లోపల దాని పెదవి 3 మి.మీ. పైకి లేచినా అక్కడ ఎప్పుడూ 3 మి.మీ. నీరు ఉంటుంది, దోమలకి అది చాలు. లోహపు అతుకులకి పుల్లటి వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వాడకండి, అది లోహాన్ని తింటుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్న సీలెంట్ తీసుకుని, లోపలి వైపు పూసి, రివెట్ల తలల మీద కూడా అద్దండి.

గొట్టాలు కలిపేటప్పుడు పై ముక్క కింది ముక్క లోపలికి దూరాలి. తలకిందులుగా పెడితే ప్రతి అతుకూ బయటికి కారుతుంది. గోడకీ గొట్టానికీ మధ్య 25 మి.మీ. సందు ఉంచండి. క్లాంపులు ఒకటిన్నర మీటరుకి ఒకటి.

ఎనిమిదో అడుగు: కింద నీటికి దారి

పైపు చివర గోడకి కనీసం ఒకటిన్నర, వీలైతే రెండు మీటర్ల దూరంలో నీటిని వదలాలి. నేల బయటికి వాలి ఉంటే రాతి పలక మీద పడనిచ్చి గడ్డిలోకి వదిలితే చాలు. లేకపోతే 110 మి.మీ. నున్నటి పీవీసీ గొట్టం భూమిలో వేయండి. మడతల గొట్టం వద్దు, మడతల్లో బురద పేరుకుంటుంది, పుల్లతో పొడవడానికీ రాదు. వాలు 100కి 1, అంటే 8 మీటర్లకి 80 మి.మీ. డౌన్‌పైపు భూమిలోకి దిగే చోట మూత విప్పగలిగే చెత్త జల్లెడ పెట్టండి. భూమిలోపల మూసుకుపోతే ఎక్కడో వెతకాలి, నేల పైనైతే చేత్తో తీసేయొచ్చు.

ఇంకుడు గుంత ఇంటికి 5 మీటర్ల దూరంలో ఉండాలి. మురుగు గొట్టంలో మాత్రం కలపకండి. గట్టి వానలో ఆ గొట్టం నిండితే నీరు వెనక్కి తన్ని ఇంట్లో అన్నిటికన్నా కింద ఉన్న తూములోంచి పైకి వస్తుంది, అప్పుడు వచ్చేది వాన నీరొక్కటే కాదు.

తొమ్మిదో అడుగు: నీళ్లు పోసి చూడండి

డబ్బు పూర్తిగా ఇవ్వకముందు, సారువ ఉండగానే ఈ పని కావాలి. మధ్య ఎత్తు చోట ఒక బకెట్ నీళ్లు ఒక్కసారిగా పోయండి. నీరు రెండు వైపులా చివరిదాకా పోవాలి. ఐదు నిమిషాలాగి గట్టరులో వేలు పెట్టి చూడండి, పలుచటి తడి ఉండొచ్చు, గోరు మునిగే నీరు ఉండకూడదు. తర్వాత గొట్టంతో కప్పు మీద పది పదిహేను నిమిషాలు నీరు వదిలి, ఒకరు గట్టరు వెనుక టార్చి వేసి పలక మీద తడి చార కోసం చూడాలి. ముందు కారే చుక్క అందరికీ కనిపిస్తుంది. వెనుక పాకే తడిని వెతికి పట్టుకోవాలి, చెక్కను కుళ్లబెట్టేది అదే.

కొత్త కప్పు నుంచి మొదటి రెండు మూడు వానలకి సిమెంటు పొడి, పెంకు ముక్కలు, షింగిల్స్ మీది రవ్వ, మరచిపోయిన స్క్రూలు అన్నీ గట్టరులోకి దిగుతాయి. నెల తర్వాత ఒకసారి శుభ్రం చేయండి, ముఖ్యంగా నోళ్ల దగ్గర. ఇనుప స్క్రూలు అక్కడే పడి ఉంటే అల్యూమినియం మీద మచ్చలు తింటాయి.

తర్వాత ఏడాదికి రెండుసార్లు చాలు: వానలకి ముందు, ఆకులు రాలాక. చెట్టు కొమ్మలు కప్పు మీదికి వాలి ఉంటే ఇంకోసారి. జాలీ మూతలు పెద్ద ఆకుల్ని ఆపుతాయి, సన్నని ఆకులూ పూతా మీద చాపలా పరుచుకుని నీటిని దాటించేస్తాయి, కాబట్టి జాలీ పెట్టినా చూడక తప్పదు. నిచ్చెన గట్టరుకి ఆనించకండి, గోడకి ఆనేలా ఆసరా బిగించిన నిచ్చెన వాడండి. నాలుగడుగుల ఎత్తుకి ఒక అడుగు చొప్పున కాలు బయటికి ఉండాలి.

ఇంకా తేలకపోతే

నాలుగో అడుగులో చెప్పిన ఐదు అంశాల్లో మూడు ఇటు, రెండు అటు పడ్డవాళ్లు తొందరపడక్కర్లేదు. నేల మాళిగ లేకపోతే, భూమిలో గొట్టాలు వేసి బిరడాలు పెట్టి ఉంటే, ఒక్క వానాకాలం ఆగొచ్చు. గట్టి వాన మొదలైన ఇరవై నిమిషాలకి గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ ఒక్కసారి తిరగండి. నీరు ఎక్కడ గోడవైపు నడుస్తోందో, ఎక్కడ నిలిచిందో, ఏ గుమ్మం ముందు ధార మెడ మీద పడుతోందో ఫోనులో ఫొటో తీసుకోండి. వాన వెలిసిన మర్నాడు చుక్కలు ఎగిరిన ఎత్తు వరకు గోడ మీద సుద్దతో గీత గీయండి. చూరు కింద ధార కొట్టిన గాడిలో స్కేలు దింపి లోతు రాసుకోండి. నెలా రెండు నెలల తర్వాత మళ్లీ కొలవండి. గాడి అలాగే ఉండి, సుద్ద గీత ప్లింత్ లోపలే ఉంటే ఆ వైపు వదిలేయండి. లోతు పెరుగుతున్న వైపు చూరు కొలిచి, ఆ మేరకు బ్రాకెట్లు తెప్పించుకోండి.